సుమయో పెరటి సజాంకాలు

ఉరెషినో ఊరి బడి వంటగదిలో నేను చేరేనాటికే సుమయో ఫుకాయె అక్కడ పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. నాలుగు వందల మంది పిల్లలకు చేపలు వేయించడం ఆమె పని. మూడింటికి గిన్నెలు కడిగి బయటపడేసరికి మా జుట్టులో, చేతుల్లో, ఆఖరికి కనురెప్పల్లో కూడా నూనె వాసనే. వెనక గుమ్మం పక్కన తెల్లపూల సజాంకా చెట్టు ఉండేది. చలి మొదలవగానే పూసేది. ఇంటికి బయల్దేరేముందు సుమయో కొమ్మ వంచి పూలకు ముఖం ఆనించేది. "ఇప్పుడు మనిషినయ్యాను, పద" అనేది.

అన్ని సజాంకాలకూ అంత వాసన ఉండదు. ఆ చెట్టు కింద గింజలేరి పెరట్లో నాటాక ఆమెకు ఆ సంగతి తెలిసింది. గింజ మొక్కై పూయడానికి ఆరేడేళ్లు పడుతుంది. తీరా పూశాక తల్లిచెట్టు వాసన రావచ్చు, రాకపోవచ్చు. మొదటి విడతలో తొమ్మిది పూస్తే ఒక్కదానికీ రాలేదు. భర్త యసుహికో వడ్రంగి, సరదా మనిషి. ఏడేళ్లు నీళ్లు పోస్తే ఒక్కటీ పలకరించలేదేమిటని నవ్వాడట. ఆమె వాటిని అడిగినవాళ్లకు ఇచ్చేసి మళ్లీ గింజలు నాటింది. ఆ రెండో విడతకూ వాసన రాలేదు. భర్త పోయి, ఉద్యోగం మానేశాక, మూడో విడతగా ఇరవై మూడు మొక్కలు పక్కింటి తొమొనాగా వాళ్ల కంచె పొడవునా పెట్టింది.

మా ఊరి తేయాకు తోటలను పట్టే గొంగళి పురుగే సజాంకానూ పడుతుంది. దాని నూగు ఒంటికి తగిలితే దద్దుర్లు వారాల తరబడి తగ్గవు. అందుకని సుమయో మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ప్రతి ఆకూ తిరగేసి చూసేది. పురుగు కనబడిన ఆకును కత్తిరించి సంచిలో మూట కట్టేది. ఏనాడూ మానలేదు.

ఆమెకు డెబ్భై మూడేళ్లప్పుడు, జులై చివర్లో, స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది. ఏడు వారాలు ఆసుపత్రి. నేను వారానికి రెండుసార్లు వెళ్లి కూర్చునేదాన్ని. ఆకుల సంగతి ఆమెకు గుర్తు రాలేదు, నాకు తోచలేదు. పురుగు కంచెంతా పాకింది. నూగు గాలికెగిరి అవతల ఆరేసిన బట్టల మీద పడింది. తొమొనాగా భార్య మిత్సుయెకు మెడా చేతులూ ఎర్రగా పొంగిపోయి పది రోజులు నిద్రలేదు.

సుమయో కర్ర పట్టుకుని ఇంటికొచ్చిన మర్నాడే, ఎర్రచిక్కుళ్ల మిఠాయి డబ్బా నా చేతికిచ్చి వాళ్లింటికి తోడు రమ్మంది. తొమొనాగా గుమ్మంలోనే ఆపేశాడు. అంతకుముందు ఆయన ఆమెను అక్కా అని పిలిచేవాడు.

"ఫుకాయె గారూ, మిఠాయి వద్దు. ఆ చెట్లు కొట్టించెయ్యండి."

కొట్టిస్తానని సుమయో తల వంచింది. పూత అయ్యేదాకా మాత్రం ఆగమని అడిగింది. అవన్నీ ఆ ఏడే మొదటిసారి మొగ్గ తొడిగాయి. ఆయన కుదరదన్నాడు. లోపల్నుంచి మిత్సుయె చేతులకు మందు రాసుకుంటూ వచ్చింది.

"దురద నాదైతే కోపం మీదా? పూసేదాకా ఉంటే మీ సొమ్మేం పోయింది?"

పూత అవగానే కొట్టించాలి మరి అంటూ ఆయన తలుపేసుకున్నాడు.

నవంబరులో పూశాయి. నేను వెళ్లేసరికి సుమయో మొక్కల ముందు పీట మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏమైందని అడిగాను.

"నాకు తెలియట్లేదే. ఆసుపత్రిలో అన్నం వాసన రాకపోతే వాళ్ల వంటే అంతేమో అనుకున్నా. ముక్కే పోయింది."

నేను వాసన చూశాను గాని, నూనె పొగలో అరిగిన నా ముక్కుకు అన్నీ ఒక్కలాగే అనిపించాయి. ఆమె కర్ర తీసుకుని కంచె దగ్గరికి నడిచి తొమొనాగాను పిలిచింది. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్లు తేయాకు ఫ్యాక్టరీలో వాసన చూసి ఆకు రకం తేల్చిన మనిషి.

"ఎలాగూ కొట్టేవేగా. వాసనున్నవేవో నాకు చెప్పి కొట్టండి, చాలు" అంది.

ఆయన చాలాసేపు మొక్కలకేసి చూశాడు. ఎన్నింటికి రమ్మంటారని అడిగాడు. పదింటికి, ఎండ పడ్డాక రమ్మంది.

మర్నాడు ఆయన ఊరగాయ ముట్టకుండా, సిగరెట్టు కాల్చకుండా వచ్చాడు. ఒక్కో పువ్వు దగ్గరా కళ్లు మూసుకుని, "లేదు. లేదు. తడిగడ్డి. లేదు" అనుకుంటూ నడిచాడు. పదిహేడో మొక్క దగ్గర ఆగిపోయాడు. మళ్లీ వంగాడు.

"ఎలా ఉంది?" సుమయో కర్ర మీద ముందుకు వంగింది.

"పచ్చాకు ఆవిరి మీద పెడతామా, ఓ నిమిషానికి పైకి లేస్తుంది చూడండి, అదీ. వెనకాల కాస్త తేనె. ఫ్యాక్టరీ వదిలాక నాకు మళ్లీ తగల్లేదు అక్కా."

ఆమె ఆ పువ్వు తుంచి చెంపకు ఆనించుకుని అలాగే ఉండిపోయింది. ఇంకా ఏదైనా చెప్పమని మూడుసార్లు అడిగింది. ఆయన మూడుసార్లూ చెప్పాడు.

వాసనున్నవి నాలుగు మొక్కలు తేలాయి. వాటిని ఉండనిమ్మన్నాడు. మిగతా పంతొమ్మిదింటినీ డిసెంబరులో ఆయనే కోశాడు. మార్చిలో ఆ నాలుగింటినీ మట్టిగడ్డతో సహా తవ్వి, బట్టలు ఆరేసే చోటికి దూరంగా పెరటి అవతలి మూలకు మార్చాడు. మేలో ముఖానికి గుడ్డ కట్టుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కత్తెరతో దిగాడు. ఆకులు తిరగేయడం సుమయో పీట మీద కూర్చుని నేర్పింది. అడుగు వరస వదిలేశారని ఆమె అంటుంది, నడుము వంగేది మీది కాదుగా అని ఆయనంటాడు. జూన్‌లో పదిహేడో దాని కొమ్మలు నాటితే ఆరు వేళ్లు పట్టాయి. ఒక కుండీ మిత్సుయె తానే అడిగి తీసుకుని వరండాలో పెట్టుకుంది.

పోయిన అక్టోబరులో సుమయో కొత్తగా ముప్ఫై గింజలు నాటింది. ఆమెకు డెబ్భై అయిదు. ఇవి పూసేసరికి ఎనభై రెండు దాటవా అని తొమొనాగా లెక్కపెట్టి మరీ అన్నాడు.

"దాటితే ఏం? చూసేది నేను, వాసన పట్టేది మీరు. ఆ సిగరెట్లు మానండి ముందు."

ఆయన గొణుక్కుంటూ నీళ్ల డబ్బా అందుకున్నాడు.