అవ్వ కట్ట విప్పిన రోజు

ఆ రోజుల్లో మాకు తెలిసిన రికార్డింగు స్టూడియో ఒక్కటే, మా ఇంట్లో తునికాకు బస్తాలు పెట్టే అర్ర. ఇప్పుడు కరీంనగర్‌లో నాకూ నా నేస్తానికీ అద్దె గది ఒకటి ఉంది. గోడలకు నల్ల స్పాంజి అంటించాం, మైకులు రెండున్నాయి, తలుపు మీద ఎర్ర బల్బు కూడా ఉంది (అది వెలిగినప్పుడే ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారు, అది వేరే సంగతి). అయినా ఎవరైనా "మీ పాడ్‌కాస్ట్ ఎట్లా మొదలైంది?" అని అడిగితే నాకంటే ముందు నా ముక్కు జవాబిస్తుంది. తంబాకు వాసన గుర్తొచ్చి తుమ్ము వస్తుంది. నవ్వించడమే పనిగా పెట్టుకుని ఇన్నాళ్ళు బతికానని గర్వంగానే చెప్పుకుంటాను, అందులో దాపరికం ఏమీ లేదు. కాకపోతే ఆ గర్వం ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే మిమ్మల్ని మా ఊరి బీడీల కార్ఖానా దాకా నడిపించాలి.

మాది జగిత్యాల రోడ్డు మీద, కొండగట్టుకు పోయే బస్సులు ఆగీ ఆగకుండా పోయే చిన్న ఊరు. మా వాడలో మగవాళ్ళు సగం మంది గల్ఫ్‌లో, ఆడవాళ్ళందరూ చాట ముందు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన కొలతకు కత్తిరించిన తునికాకు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కడితే ఒక బీడీ. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. రోజూ కట్టలు గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోతే అక్కడ టేకేదారు (మాకు ఆకూ తంబాకూ ఇచ్చేదీ, చుట్టిన బీడీలు తీసుకునేదీ ఆయనే) కట్ట విప్పి, బీడీని వేళ్ళ మధ్య నొక్కి చూసి, వదులుగా ఉంటే పక్కకు పారేసేవాడు. కట్ట పారేస్తే చేసిన కష్టం పోవడం ఒకటి, పదిమంది ముందు తల కొట్టేసినట్టు అవడం ఇంకొకటి. మా అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) కట్ట మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కటి కూడా పక్కకు పోలేదు. అవ్వ కట్టల్ని టేకేదారు విప్పి చూడటం కూడా ఎప్పుడో మానేశాడు. గంపలోంచి తీసి నేరుగా లోపలికి పంపేవాడు. అవ్వకు నగలు లేవు, మాకు పొలం లేదు. ఆమె పరువంతా ఆ విప్పని కట్టల్లోనే ఉండేది.

నేను బీకాం పూర్తి చేసి ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాను. నాకు నౌకరి వస్తే కొండగట్టు అంజన్నకు నూటొక్క కొబ్బరికాయలు కొడతానని అవ్వ మొక్కుకుంది. నోటిఫికేషన్ రాలేదు, అంజన్న కూడా తొందరపడలేదు. ఆ ఖాళీలోకి వచ్చి పడింది నా నేస్తం. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర పొలిమేరకు దగ్గర ఊరు దానిది. డిగ్రీలో నాతో చదివి, అదే నోటిఫికేషన్ కోసం మా పక్కింట్లోనే కిరాయికి దిగింది. అది నవ్వితే రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుండేది. అందుకే వాడంతా దాన్ని రేకుల పిల్ల అనేవాళ్ళు. ఒకరోజు మేమిద్దరం ఆకు కత్తిరిస్తూ వాడలోవాళ్ళందరినీ అనుకరించుకుంటుంటే అదే మొదలుపెట్టింది.

"ఏమే, మనం గిట్ల మాట్లాడుకునుడు నలుగురు ఇంటే ఏమైతది?"

"ఏమైతది, తంతరు."

"నక్కో బాయి, తన్నరు. నవ్వుతరు. ఫోన్ల రికార్డు జేద్దాం పా."

అట్లా ఆకు అర్రలో మా స్టూడియో వెలిసింది. బస్తాల వల్ల గొంతు గోడలకు తగిలి మోగదని కనిపెట్టింది నేనే (ఇంజనీరింగు చదవకపోయినా ఆ మాత్రం బుర్ర ఉండేది). ఇద్దరం నెత్తి మీద బొంత కప్పుకుని, మధ్యలో ఫోను పెట్టుకుని మాట్లాడేవాళ్ళం. చెమటలు పట్టేవి, తంబాకు దుమ్ము ముక్కుల్లోకి పోయేది. మొదటి ఎపిసోడ్‌లో మాటలకంటే తుమ్ములే ఎక్కువ. తీసేద్దామని నేనంటే, "ఉండనియ్యి, బీడీలు జేసేటోళ్ళ ఇండ్లల్ల తుమ్ములేంది కొత్తనా?" అంది రేకుల పిల్ల. దానికి 'చాట ముంగట' అని పేరు పెట్టి నెట్‌లో ఎక్కించాం. మొదటి వారం విన్నవాళ్ళు ఏడుగురు. అందులో ఇద్దరం మేమే.

ఎనిమిదో మనిషి మా వాడ చివరింటి ముసలమ్మ. మనవడు ఫోనులో పెట్టిస్తే ఆమె అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతూ విన్నది. మర్నాడు ఇంకో ఇద్దరిని పిలిచి వినిపించింది. అప్పుడు తెలిసింది మాకు, మేం తెలియకుండానే సరైన చోట పుట్టామని. బీడీలు చుట్టేవాళ్ళకు చేతులకు తీరిక ఉండదు, కళ్ళు చాట మీదే ఉండాలి, చెవులు మాత్రం రోజంతా ఖాళీ. రెండు నెలలు తిరిగేసరికి మా అరుగు మీద పదిహేను చాటలు చేరాయి. నడుమ ఒక ఫోను, అందులో మేము. మా అవ్వ మాత్రం అందులో కలవలేదు. ఫోను మొదలవగానే చాట ఎత్తుకుని లోపలి అర్రలోకి పోయి, మాకు వీపు పెట్టి కూర్చునేది.

"గా పకపకలు నాకద్దు బిడ్డా. నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో గది సూడు," అనేది.

నిజం చెప్పాలంటే నాకు అక్కడే కాలేది. వాడంతా నవ్వి అవ్వ ఒక్కతి నవ్వకపోతే ఆ నవ్వు నాకు పూర్తిగా వచ్చినట్టు అనిపించేది కాదు. బాపు మస్కట్ పోయినప్పటి నుంచి ఆమె గట్టిగా నవ్వగా నేను చూడలేదు. ఆమె కూర్చున్న అర్ర తలుపు మొదట్లో మూసి ఉండేదనీ, తర్వాత సగం తెరిచి ఉండేదనీ గమనించాను కానీ, "ఉక్కపోస్తుంది" అంటే నమ్మేశాను.

ఇక ఆ ఫ్యాను ఎపిసోడ్. అందులో నేను మా ఇంటి గుట్టే బయటపెట్టాను. "మా బాపు మస్కట్ పోయి నాలుగేండ్లాయె. రోజు వీడియో కాల్ జేస్తడు. మా అవ్వకు చేతులు ఖాళీ ఉండయి గద, ఫోను తీసి చాట పక్కన ఎల్లెలుకల పెడ్తది. గట్ల పెడితే బాపుకు కనవడేదేంది? ఫ్యాను! నాలుగేండ్ల సంది మా బాపు ఫ్యానుతోని సంసారం జేస్తుండు. 'తిన్నవా' అని అడుగుతడు, ఫ్యాను తిరుగుతది. 'పిల్ల మంచిగున్నదా' అంటడు, ఫ్యాను తిరుగుతది. మొన్న కరెంటు పోయి ఫ్యాను ఆగింది. మా బాపు పరేషాన్ అయి, 'ఏమైందే, పాణం బాగలేదా?' అని అడిగిండు!" ఆ వెంటనే రేకుల పిల్ల బాపు గొంతు పెట్టి, "మూడో రెక్కకు దుమ్ము వట్టింది, జర తుడువున్రి" అంది. బొంత కింద మాకే నవ్వు ఆగలేదు. అరుగు మీద పదిహేను చాటలు ఊగిపోయాయి. భర్తలు దుబాయిలో, బహ్రెయిన్‌లో ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు, ఎందుకంటే ఫోను అట్లా వెల్లకిలా పెట్టేది మా అవ్వ ఒక్కతే కాదు.

మర్నాడు అవ్వ భుజం నొప్పి అంటే గంప మేమిద్దరం మోసుకుని ఆమెతో కార్ఖానాకు వెళ్ళాం. అప్పటికే వరుస కట్టారు. టేకేదారు మొదటామె కట్ట విప్పి బీడీ నొక్కాడు. మొహం చిట్లించి పక్కకు పారేశాడు. రెండో ఆమెదీ పారేశాడు. మూడో ఆమెది, నాలుగో ఆమెది. పక్కన కుప్ప పెరుగుతోంది.

"ఏందిది? వాడ వాడకే జరమొచ్చిందా? ఒక్క బీడి సక్కగలేదు!"

చివరింటి ముసలమ్మ మెల్లగా అంది. "జరం గాదు కొడుకా. నవ్వొచ్చింది."

"నవ్వా?"

"ఫ్యాను ముచ్చట. గీ పిల్లలు ఫోన్ల చెప్పిండ్రు."

అందరి తలలూ మా వైపు తిరిగాయి. జీవితంలో మొదటిసారి అంతమంది ప్రేక్షకులు నన్ను ఎదురుగా చూస్తున్నారు, ఒక్కరూ చప్పట్లు కొట్టడం లేదు. టేకేదారు అవ్వను చూసి, "అక్కా, నీ బిడ్డెనా గిది?" అన్నాడు. పాపం, ఆ గొంతులో కోపం కంటే నమ్మలేకపోవడమే ఎక్కువ ఉంది.

అవ్వ నేల చూపులు చూస్తూ, "నా బిడ్డెనే తమ్మీ," అంది. "ఇయ్యాల్టితోని బంద్. మల్ల గా ముచ్చట ఇనవడది. నేను మాటిస్తున్న."

అవ్వ మాటిస్తే అయిపోయినట్టే. ఆమె మాట తప్పడం నేను ఎరగను. బొంత, బస్తాలు, తుమ్ములు, అరుగు మీద పదిహేను చాటలు, అన్నీ ఒక్క మాటతో పోయాయి. రేకుల పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. టేకేదారు ముందు ఏడవకూడదని పళ్ళు బిగించుకున్నాను.

ఆయన అక్కడితో వదిలేసినా బాగుండేది. మందికి బుద్ధి చెప్పాలనిపించింది. "సూడుండ్రి అందరు. నవ్వులాట లేకుంట పని జేస్తే ఎట్లుంటదో గీ అక్క కట్ట సూసి నేర్చుకోండ్రి," అని మా గంపలోంచి ఒక కట్ట తీశాడు.

"దాన్నెందుకు తమ్మీ ఇప్పుడు? పెట్టు, పెట్టు," అంది అవ్వ. ఆమె గొంతులో తత్తరపాటు నేను వినడం అదే మొదలు. చెయ్యి కూడా చాపింది. ఆయన వినలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత అవ్వ కట్ట విప్పి, ఒక బీడీ తీసి, అందరికీ కనబడేలా పైకెత్తాడు. అందులోంచి తంబాకు జలజలా ఆయన తెల్లచొక్కా మీద రాలింది. ఇంకొకటి తీశాడు. అది చేతిలోనే విప్పుకుంది. మూడోది నొక్కి చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాడు. బిగించి చుట్టారు, మొన చక్కగా మడిచారు, దారం కట్టారు. లోపల తంబాకే లేదు.

"అక్కా... నువ్వు గూడనా?"

"ఆకు మంచిగలే తమ్మీ," అంది అవ్వ.

"ఆకు మంచిగలేకుంటే తంబాకు ఏడికి వోయింది?"

"ఆకు గాదు కొడుకా, ఫ్యానే," అంది చివరింటి ముసలమ్మ.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. భుజాలు కదిలాయి. కొంగు జారింది. "కరెంటు వోతే... పాణం బాగలేదా అని..." అని మొదలుపెట్టి, పూర్తి చేయలేక, అక్కడే గంప పక్కన కూలబడి నవ్వింది. కళ్ళ నీళ్ళు కారేలా, నొప్పి భుజాన్ని పట్టుకుని మరీ నవ్వింది. వరుసంతా నవ్వింది. రేకుల పిల్ల వడగళ్ళు కురిపించింది. చొక్కా మీద తంబాకు దులుపుకుంటున్న టేకేదారు, "ఏంది గా ముచ్చట, నాకు జర ఇనిపియ్యుండ్రి," అన్నాడు. వినిపించాం. "నా తమ్ముడు గూడ షార్జాల ఫ్యానుతోనే మాట్లాడుతుండొచ్చు," అని ఆయనా నవ్వాడు.

ఆ రోజు కార్ఖానాలో ఒక కట్టుబాటు పుట్టింది. బీడీలు చుట్టేటప్పుడు ఫోను బంద్, ఆకు కత్తిరించేటప్పుడు వినొచ్చు. "కత్తెర వట్టి నవ్వితే ఏలు తెగదా?" అని ఆయన అడిగితే, "ఏలు మాది, బీడి నీది, నీకేం ఫికర్?" అంది ముసలమ్మ. అవ్వ మాత్రం, "నేను మాటిచ్చిన గద తమ్మీ," అని ఆగింది. "మాట నాకిచ్చినవు గదక్కా, నేనే వాపస్ ఇస్తున్న," అన్నాడాయన. ఇచ్చిన మాట అట్లా వాపస్ రావచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఇంటికి పోయేటప్పుడు అవ్వ ముందు నడిచింది, మేం వెనక, ఖాళీ గంపతో. ఏమంటుందో అని బిక్కుబిక్కుమంటున్నాం. వాడ మలుపులో వెనక్కి తిరగకుండానే అంది, "మూడో రెక్క గాదు, రెండో రెక్క. చెప్పేటోళ్ళు సక్కగ చెప్పాలె."

నోటిఫికేషన్ తర్వాత పడింది, నేను పరీక్ష రాశాను, నౌకరి రాలేదు. అయినా అవ్వ కొండగట్టు పోయి నూటొక్క కొబ్బరికాయలూ కొట్టి వచ్చింది. "నౌకరి రాకముందే ఎందుకవ్వా?" అంటే, "గిది నౌకరి గాదా?" అంది. బాపు సెలవు మీద వచ్చిన రోజు పెట్టె కూడా విప్పకుండా స్టూలెక్కి ఫ్యాను తుడిచాడు, రెండో రెక్కతో మొదలుపెట్టి.

మొన్న మాకు కరీంనగర్‌లో ఒక సభలో షీల్డు ఇచ్చారు. ఇంటికి తెచ్చి అల్మారాలో పెట్టాను. దాని పక్కనే ఆనాటి కట్ట ఉంది, టేకేదారును అడిగి తెచ్చుకున్నాను. అందులో తంబాకు లేని బీడీ ఇప్పటికీ దారంతో అట్లాగే ఉంది. ఇరవై ఏళ్ళు చెయ్యి తప్పని మనిషి తంబాకు పోయడం మరిచిపోయేంత నవ్విందంటే, అంతకు మించిన షీల్డు నాకు ఎవరివ్వాలి? ఇంటికొచ్చినవాళ్ళు షీల్డు వదిలేసి ఆ కట్ట ఏమిటని అడుగుతారు. నేను నోరు తెరిచే లోపే అవ్వ అందుకుంటుంది, "ఆ యేడు ఆకు మంచిగలే బిడ్డా" అని. నేనూ రేకుల పిల్లా మొహమొహాలు చూసుకుంటాం. బొంత కింద చెమటలు కక్కుతూ అవ్వ ఒక్క నవ్వు కోసం ఎదురుచూసిన ఆ పిచ్చిపిల్ల నాకు గుర్తొస్తుంది.

"అవునవ్వా," అంటాను. "ఆకు అస్సలు మంచిగలేకుండె."