శుక్రవారపు అభిషేకం

మా లారీ పాతది. తాడేపల్లిగూడెం మిల్లుల్లో తవుడు ఎత్తి కొల్లేరు చేపల చెరువులకు చేరవేయడం దాని పని. దాన్ని నడపడం మా వారి పని. శుక్రవారం పొద్దున్నే దానికి పూజ చేయడం నా పని. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. అక్షరాలూ స్తోత్రాలూ మా నాయనమ్మే ఇంట్లో నేర్పింది. దేవుడికి ఎలా చేస్తామో బండికీ అలాగే చేయాలని నా అంతట నేనే అనుకున్నాను. క్యాబిన్ ఎక్కి స్టీరింగ్ నడిమధ్యన పసుపు నీళ్ళు, కాసిని పాలు, కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు పోసి, తుడిచి బొట్టు పెట్టేదాన్ని. ఏడేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. అడిగేది ఒకటే, ఆయన్ని క్షేమంగా ఇల్లు చేర్చమని. చేర్చిన ప్రతిసారీ మళ్ళీ దణ్ణం పెట్టుకునేదాన్ని.

కిందటి వేసవిలో ఒక శుక్రవారం, ముదినేపల్లిలో మా అక్కని చూడాలని పూజ కాగానే నేనూ అదే లారీలో బయలుదేరాను. తిన్నని రోడ్డు మీద కూడా ఆయన స్టీరింగ్‌ను అటు జానెడు, ఇటు జానెడు తిప్పుతూనే ఉన్నారు. అదేమిటని అడిగితే, పాత బండి కదా, స్టీరింగ్ కాస్త ఆడుతుందిలే అన్నారు. లారీ తోలడమంటే అంతే కాబోలనుకున్నాను.

దారిలో బస్తాలు దింపడానికి చెరువు గట్టెక్కాం. రెండు పక్కలా నీళ్ళు. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. ఆయన స్టీరింగ్ ఎడమకి తిప్పారు. బండి తిరగలేదు. ఇంకా తిప్పారు. ఆయన చేతుల్లో స్టీరింగ్ తిరుగుతోంది, లారీ మాత్రం ట్రాక్టరు మీదికే పోతోంది. బ్రేకు తొక్కారు. అంతలో కింద ఏదో పట్టుకున్నట్టయి, బండి ఒక్కసారిగా ఎడమకి విసురుగా తిరిగి ఆగింది. నా వైపు కిటికీలోంచి చూస్తే గట్టు కనబడలేదు. నీళ్ళే కనబడ్డాయి. ముందు టైరు కింద మట్టి జారి చెరువులో పడుతున్న చప్పుడు వినబడుతోంది. నాకు దేవుడి పేరు కూడా నోటికి రాలేదు.

ట్రాక్టరాయన మమ్మల్ని రెండో వైపు నుంచి దింపి, లారీని తాడుతో వెనక్కి లాగి గట్టు మధ్యన నిలబెట్టారు. ఆయన చల్లగా ఉండాలి.

మా వారు ఫోన్ చేస్తే ఏలూరు నుంచి మేస్త్రిగారు సామాను కట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చారు. మా బండి ఆయనకు తెలిసిందే. స్టీరింగ్ నుంచి ఒక ఇనుప కడ్డీ కిందికి దిగుతుందట. అది వంపు తిరిగే చోట క్రాసు అనే ముక్క ఉంటుందట. చేతులు తిప్పింది టైర్లకు అందేది దాని గుండానే. పెడళ్ళ దగ్గర తల పెట్టి చూస్తూ ఆయన ముందుగా ఒక గుడ్డ లాగారు. నా పాత చీర ముక్క. ఇంకా తడిగా, పచ్చగా ఉంది. తర్వాత కడ్డీ విప్పి క్రాసును కాగితం మీద పెట్టారు. తుప్పు పట్టి వేలితో ముట్టుకుంటే పొడి రాలింది. దానికి కొబ్బరి పీచు చుట్టుకుని ఉంది.

"గ్రీజు ఉండాల్సిన చోట పసుపు ఉందండీ. పైనుంచి నీళ్ళు పోసేదెవరండీ?" అన్నారు.

"నేనేనండీ," అన్నాను.

ఆయన కోప్పడలేదు. "శివుడికైతే నీళ్ళు పోవడానికి పానవట్టం ఉంటుందమ్మా. దీనికి లేదు కదా. పోసిందంతా ఇక్కడికే దిగింది."

ఆ చీర ముక్క చేతిలోకి తీసుకుని, ఇదెవరు పెట్టారని మా వారిని అడిగాను. కడ్డీ దిగే చోట రబ్బరు తొడుగు చిరిగిందట, ఇంజను వేడి పైకి కొడుతోందని ఆయనే కుక్కారట.

"మరి నీళ్ళు కారడం చూడలేదాండీ?"

"శుక్రవారాలు కాళ్ళ కింద తడిగానే ఉండేది. నీ పూజకి అడ్డం చెప్పడం ఎందుకులే అనుకున్నాను."

"బాగుందండీ మీ కాపురం," అన్నారు మేస్త్రిగారు స్పానర్ తిప్పుతూనే. "ఆవిడ పోశారు, మీరు ఆరకుండా దాచారు."

కొత్త కడ్డీ, కొత్త క్రాసు, కొత్త రబ్బరు వేసి, గ్రీజు పెట్టి, బోల్టులు రెండుసార్లు బిగించారు. మా వారు ఎక్కి అలవాటు కొద్దీ జానెడు తిప్పేసరికి లారీ చటుక్కున పక్కకి దూకింది. ఇంక వేలెడు చాలండీ అని మేస్త్రిగారు కేక వేశారు. బస్తాలు దింపి, ముదినేపల్లి వెళ్ళకుండా ఇంటికి మళ్ళాం. ఇంటిదాకా తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకున్న మా వారి చేతులు కదలకుండా ఉంటే, వాటిని చూడలేక నేను కళ్ళు మూసుకున్నాను.

తరువాతి శుక్రవారం క్యాబిన్ ఎక్కి పొడి వేలితో బొట్టు పెట్టాను. టైర్లు కడుగు, వాటికేం కాదు అన్నారు మా వారు. కడిగాను. లారీ వీధి మలుపు తిరిగాక దేవుడి ముందు కూర్చున్నాను. దారిలో ఎదురయ్యే ప్రమాదాల నుంచి ఆయన్ని కాపాడమని ఏడేళ్ళు అడిగాను. నా చేతి నుంచి కాపాడమని అడగాలని తెలియలేదు. అడగకుండానే ఆ పనీ చేసిపెట్టావు తండ్రీ అని మాత్రం అనుకుని, తల నేలకి ఆనించాను.