గుంతలో దొరకని గుండీ

మా కుట్టు టీచరమ్మ పోయింది. పోయిన సోమవారం పొద్దున నేను హిందూపురం దగ్గర గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు సరిగ్గా ఉండాయో లేదో చూస్తాంటే, ధర్మవరం నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క నిద్రలోనే పోయిందమ్మా. నీ పేరు రాసి ఒక పొట్లం పెట్టిపోయింది, వచ్చి తీసుకపో" అనింది. చేతిలో చొక్కా అట్లే పట్టుకొని నిలబడిపోయినాను. నిజం చెప్తాండా, ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. ఎందుకో చెప్పాలంటే తొంభైల్లో మేము చదువుకున్న పెనుకొండ బడికి పోవాల.

టీచరమ్మ రోజూ ధర్మవరం నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చేది. ఆమెకు రెండే రెండు నూలు చీరలు, ఒకటి విడిస్తే ఒకటి. కొంగు చివర దారమెక్కించిన సూది ఎప్పుడూ గుచ్చి ఉండేది. ఎవరన్నా కొత్త గౌను వేసుకొస్తే బడి గేటు కాడే ఆపి, అంచు తిరగేసి లోపలి కుట్టు చూసేది. "ఏమ్మే, ఇది ఎన్నాళ్లు ఉంటాదని కొనుక్కున్యావు?" అని అడిగేది. కొత్త బట్ట కట్టుకున్న సంతోషం అంతటితో సరి. ఆమెను చూసి దొడ్డిదారిన వచ్చిన వాళ్లలో నేనూ ఒకదాన్ని.

చవగ్గా కొని, నాలుగు దినాలు వేసి పారేసే బట్టలకు ఇప్పుడు ఫాస్ట్ ఫ్యాషన్ అని పేరు పెట్టి మీటింగులు పెడతాండారు. ఆ మాట ఆమెకు తెలుసో లేదో నాకు తెలీదు. వారానికి ఒక్క పీరియడ్ ఇచ్చేవాళ్లు ఆమెకు, కాజాలూ గుండీలూ నేర్పమని. ఆమె అవి నేర్పుతానే ఇంకేదో చెప్పేది. "మా నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి, సగం పూడ్చిన మనిషి మాదిరి కూర్చుని బతుకంతా నేసినాడు. బట్ట చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ మనిషిని తలుచుకోండి" అనేది. ఇంకోమాట కూడా అనేది, గొంతు తగ్గించి. "బట్ట తన్ను కట్టుకున్నోళ్లను మర్చిపోదు." ఆ మాటకు క్లాసులో ఒక్కరూ నవ్వేవాళ్లు కాదు.

ఆమె బీరువాలో ఒక నీలం పావడ ఉండేది. యూనిఫారం పావడే, నడుం పట్టీకి నల్ల ప్లాస్టిక్ గుండీ. ఏడాదికొక పిల్ల దాన్ని కట్టుకోవాల. లేనోళ్లకని కాదు, అందరికీ వరస. ఏడాది చివర అంచు లోపల తన గుర్తు ఒకటి కుట్టి వాపసు ఇయ్యాల. చేప, చుక్క, మల్లెమొగ్గ, అట్లా ఏడెనిమిది గుర్తులు ఉండె. ఆఖరిది చిలక. అది కుట్టింది ముదిగుబ్బ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. వేసవి సెలవుల్లో జ్వరమొచ్చి పోయింది. చిలకకు రెక్కలున్నాయి, ముక్కుంది, కన్ను లేదు.

నేను ఎనిమిదిలోకి వచ్చినప్పుడు వరస నాదయింది. "కన్ను నేను పెట్టనా టీచర్?" అని అడిగినాను. "వద్దు. అది ఆ పిల్ల పని. నువ్వు పక్కన నీ గుర్తు కుట్టుకో" అనింది. కట్టుకున్న మొదటి దినం నుంచి ఆ చిలక నా పిక్కకు తగులుతాండాదని, మెల్లగా పొడుస్తాండాదని అనిపించేది. అవ్వకు చెప్తే, "చచ్చిన పిల్లది ఎట్ల కట్టుకుంటావే, తీసెయ్" అనింది.

ఆ జూలైలోనే టీచరమ్మ బడి వెనక గుంత తవ్వించింది. అందులో ఒక నూలు గుడ్డ, మా నాయన హిందూపురం బజార్లో చవగ్గా దొరికిందని తెచ్చిన నా గులాబీ నైలాన్ గౌను పెట్టి పూడ్పించింది. రెండుసార్లు వేసేసరికే కుట్లు విడిచిన గౌను అది. "మార్చిలో తీసి చూద్దాం, ఏది మన్నులో కలుస్తాదో, ఏది కలవదో" అనింది. నాకు అప్పుడే బుద్ధి పుట్టింది. మరుసటి దినం మధ్యాహ్నం, అందరూ అన్నం తింటాంటే, మెత్తటి మన్ను చేత్తో తీసి, సంచిలో దాచి తెచ్చిన పావడను మడిచి ఆ గుంతలోనే పూడ్చినాను. నూలుది కదా, మార్చికంతా ఏమీ మిగలదనుకున్నాను. టీచరమ్మతో మాత్రం, "తీగ మీద ఆరేసింటే గాలికి పోయింది టీచర్" అన్నాను.

"గాలికి పోయిందా? సరేలే" అనింది.

ఆ ఏడాదంతా నేను ఆ గుంత మీద కాలు పెట్టలేదు. వాన పడి మన్ను కుంగితే, కింద చిలక కదిలిందనుకునేదాన్ని. మార్చిలో తవ్వినారు. నూలు గుడ్డ జాడే లేదు. గులాబీ గౌను మాత్రం పెట్టింది పెట్టినట్టే వచ్చింది. నీళ్లు పోసి దులిపితే నిన్న కొన్నట్టు నిగనిగలాడింది. పిల్లలు వెనక్కి జరిగినారు. టీచరమ్మ దాన్ని రెండు భుజాల కాడ పట్టుకొని మాకు చూపించింది. "చూడండి, దీనికి చావు లేదు. మీరు పోయినా ఇది ఉంటాది. కొనేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి" అనింది.

నా ప్రాణం అప్పుడు తేలికపడింది, నీలం పావడ కూడా కనపడలేదని. కానీ అంతలోనే గుర్తొచ్చింది, దాని గుండీ ప్లాస్టిక్‌ది. చావు లేనిది. అది ఉండాల కదా. గుంతలోకి దిగి వేళ్లతో గెలికినాను. ఎంత వెతికినా లేదు. "ఏం వెతుకుతాండావమ్మా?" అని పైనుంచి అడిగింది టీచరమ్మ. "ఏం లేదు టీచర్" అన్నాను. ఆమె చెయ్యిచ్చి పైకి లాగింది.

తర్వాత ఎన్నేండ్లయినా ఆ నిజం చెప్పలేకపోయినాను. ధర్మవరం పోయినప్పుడంతా చెప్పాలనే పోయేదాన్ని, కాఫీ తాగి వచ్చేసేదాన్ని. ఫ్యాక్టరీలో గుండీల చెకింగ్ పని దొరికిందని చెప్పినప్పుడు ఆమె నవ్వింది. "బాగా చూడమ్మా, కడాకు మిగిలేది అవే" అనింది.

ఫోన్ వచ్చిన దినమే ధర్మవరం పోయినాను. కాళ్లకు మొక్కినాను. అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేనంత. అంతా అయినాక చెల్లెలు పొట్లం చేతిలో పెట్టి చెప్పింది. "నువ్వు బడిలో ఉన్నప్పుడే, ఒక సాయంత్రం అక్క చేతుల నిండా ఎర్రమన్నుతో రైలు దిగొచ్చింది. ఏందక్కా అంటే, పూడ్చిన పిల్లను లేపుకొచ్చినా అనింది. నాకు అన్నం దిగలేదు ఆ పూట."

ఇంటికొచ్చి పొట్లం విప్పినాను. నీలం పావడ. నల్ల గుండీ దాని చోట అట్లే ఉంది. ఎర్రమన్ను మరక అంచున ఇంకా పోలేదు. లోపల చిన్న కాగితం మీద ఆమె గుండ్రటి రాత, "నీ గుర్తు ఇంకా కుట్టలేదు." చిలక తలలో ఒక సూది గుచ్చి ఉండాది, నీలం దారం ఎక్కించి, నా కోసం. ఎన్నేండ్ల నుంచి ఉండాదో, తుప్పు పట్టింది.

"గాలికి పోలేదు టీచర్. నేనే పూడ్చినాను" అన్నాను, గట్టిగా, ఎవరూ లేని ఇంట్లో. సూది లాగితే సులభంగానే వచ్చింది. కిటికీ కాడ కూర్చుని చిలక పక్కన నాలుగు బొక్కల గుండీ బొమ్మ ఒకటి కుట్టినాను. అదే నా గుర్తు. కుట్టి, ఉతికి, పిండి, పెరట్లో తీగ మీద ఆరేసినాను.

గాలి లేదు. అయినా అంచు మెల్లగా తిరగబడింది. సూది గుచ్చిన చోట తుప్పు మచ్చ ఒకటి మిగిలింది, చిన్నగా, గుండ్రంగా, సరిగ్గా కన్ను ఉండాల్సిన చోట. చిలక నన్ను చూస్తాండాది.