మల్లెదండ, గిటారు మనిషి

మనుషులను కళ్లను బట్టి మాత్రమే పోల్చుకోవలసి వచ్చిన ఆ రోజులు తలుచుకుంటే, ఇప్పుడు ఏదో కట్టుకథ విన్నట్టుగా ఉంటుంది. ముక్కు, మూతి, గడ్డం అన్నీ మాస్కు వెనకాలే. నేను దుబాయ్‌లో దిగింది ఆ కాలంలోనే. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాములో, పెట్టెల మీద చీటీలు సరిచూసే ఉద్యోగం. మా ముదీర్ (మేనేజరును అక్కడ అందరూ అలాగే అంటారు, ఆయన ఇంగ్లండు మనిషైనా సరే) నాకు తెలిసినంత వరకు ఒక నున్నటి బట్టతల, రెండు నీలం కళ్లు, మధ్యలో ఒక నల్ల మాస్కు. ఉద్యోగం ఖాయం చేయాలన్నా, వీసా రద్దు చేసి ఇంటికి పంపాలన్నా సంతకం ఆయనదే. నా ప్రొబేషన్ ముగింపుకు వచ్చింది. ఆ ఏడాది చాలామంది సంచులు సర్దుకుని వెళ్లిపోవడం చూశాను కాబట్టి, ఆయన నా వైపు నడిచి వస్తుంటే చాలు, నా చేతిలో పెన్ను దానంతట అదే వేగంగా కదిలేది.

నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను కాలేజీ గడప తొక్కలేదు. నా చదువంతా మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో జరిగింది. అక్కడ బీరువాలో ఏముంటే అది చదివాను, తేనెటీగల పెంపకం నుంచి ఉపనిషత్తుల దాకా. (తేనెటీగల గురించి ఇప్పటికీ గంటసేపు మాట్లాడగలను, ఎవరూ అడగరు.) దుబాయ్‌లోనూ ముందుగా వెతుక్కున్నది గ్రంథాలయమే. ఫోనులో చూసి తెలుసుకునేవాళ్లంటే నాకు చిన్నచూపు. అచ్చులో ఉన్నదే జ్ఞానం, మిగతాదంతా పుకారు అని నా సిద్ధాంతం. అందుకే మేం కార్మికులం కలిసి ఉండే గదిలో నా పేరు పోయి ‘లైబ్రరీ’ స్థిరపడింది.

ఒకసారి ఆ గ్రంథాలయంలో ఒక లావుపాటి జీవితచరిత్ర దొరికింది. చిన్న వయసులోనే పోయిన ఒక రాక్ పాటల రచయితది. వాన కురుస్తున్న ఒక రాత్రి కచేరీ ముగించుకుని వస్తుంటే కారు లోయలో పడి చనిపోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు. (పేరు చెప్పను. ఆయన అభిమానులకు ఈ కథ తెలిస్తే నన్ను వదలరు.) ఆయన అమ్మమ్మ ఊరు, చిన్నప్పుడు వచ్చిన జబ్బులు, తెగిపోయిన ప్రేమలు, ఒక్కో పాట వెనుక ఉన్న దుఃఖం, అన్నీ కంఠస్థం చేశాను. ఒక్క పాటా వినలేదు. వినాలన్న ఆలోచనే రాలేదు. ఆ పాటల గురించి పుస్తకంలో అంత బాగా రాశారు కదా అనుకున్నాను. మరో చిన్న లోపం ఏమిటంటే, పుస్తకం మధ్యలో ఉండవలసిన ఫోటోల పేజీలను ఎవరో అభిమాని శుభ్రంగా కత్తిరించుకుపోయాడు. జుట్టు భుజాల దాకా ఉండేదని, గిటారు ఎర్రటిదని మాత్రం చదివాను.

మధ్యాహ్నం తిండి వేళ ఆ పుస్తకం నా చేతిలో చూసి ముదీర్ ఆగిపోయాడు. “ఈయన నీకు తెలుసా?” అన్నాడు. ఇంక నేను ఆగానా? అమ్మమ్మ ఊరితో మొదలుపెట్టి లోయ దాకా చెప్పాను. నీలం కళ్లు తడిశాయి. ఈ శుక్రవారమే ఆయన పోయిన రోజని, ప్రతి ఏడూ తన ఇంట్లో పాత స్నేహితులంతా కలుస్తారని, నేను కూడా వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలని అన్నాడు. (అప్పటికి సెలవు శుక్రవారమే, ఇంకా ఆదివారానికి మారలేదు.) ఉద్యోగం ఖాయమైపోయిందని ఆ క్షణంలో నా మనసు సంతకం కూడా చేసేసుకుంది.

గదిలో చెబితే పెద్దన్న సీరియస్‌గా లేచి కూర్చున్నాడు. ఆయన జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన వడ్రంగి. మా గదికి పుట్టుక నుంచి చావు దాకా అన్ని విషయాల్లోనూ ఆయన మాటే చెల్లుతుంది.

“అరే లైబ్రరీ, వర్ధంతికి పిలిచిండంటే మామూలు ముచ్చట గాదురా. ఒట్టి చేతులతోని పోతవా? సచ్చినాయన ఫోటోకు దండెయ్యాలె, ఊదుబత్తులు ముట్టియ్యాలె. లేకుంటె మన ఇజ్జత్ ఏం గావాలె?”

“వాళ్లు ఇంగ్లండోళ్లు పెద్దన్నా, వాళ్లల్ల దండలుంటయా?”

“సచ్చుడు అందరికి ఒక్కటే గదరా. నువ్వు పుస్తకాలు సదువు, గివి నేను జూస్కుంట.”

దుబాయ్‌లో పాత గుడి పక్కన పూలమ్మే సందులోంచి మల్లెదండ తెప్పించింది ఆయనే. నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసిందీ ఆయనే. అబుదాబి దగ్గర మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉన్న ఆ ఇంటికి నన్ను తీసుకెళ్లింది మా గోదాము డ్రైవర్ నెల్లూరు భాయ్. దారిపొడవునా నా ప్రసంగం వింటూ, మధ్యలో ఒకసారి స్టీరింగ్ మీద తాళం వేసి, “ఏందబ్బయా, ఇంత జెప్పినావు, ఆయన పాట ఒకటి పాడు ఇందాం” అన్నాడు. నేను కిటికీలోంచి ఇసుక వైపు చూశాను. “సరేలే, ఆడ మాత్రం మొగం ఇట్టా పెట్టుకో, నవ్వబాక” అని అద్దంలో చూసి ఏడుపు మొహం పెట్టి చూపించాడు.

వెళ్లేసరికి తలుపు తెరిచే ఉంది. మాటలు వెనక పెరటి వైపు నుంచి వినిపిస్తున్నాయి. హాల్లో ఎవరూ లేరు. గోడ మీద నిలువెత్తు ఫోటో ఒకటి మాకు ఎదురుగా ఉంది. భుజాల దాకా జుట్టు. ఎర్ర గిటారు. సన్నటి, పాలిపోయిన ముఖం. ఇన్ని రోజులు అక్షరాల్లో చూసిన మనిషి ఎదుట నిలబడ్డాడు. భాయ్ మునివేళ్ల మీద లేచి దండ వేశాడు. పెద్దన్న కట్టిచ్చిన ఊదుబత్తులు వెలిగించి, వాటితోపాటే ఇచ్చిన అరటిపండుకు గుచ్చాను. ఇద్దరం కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని మౌనం పాటించాము.

కళ్లు తెరిచేసరికి ముదీర్ వచ్చి నిలబడి ఉన్నాడు, మాస్కు లేకుండా. ఆయన మూతికి తెల్ల మీసం ఉందని అప్పుడే తెలిసింది. దండ చూసి, “అబ్బ, ఎంత బాగుంది! నా కోసం ఇంత దూరం నుంచి పూలు తెచ్చారా!” అని మురిసిపోయి అందరినీ లోపలికి పిలిచాడు. (నా కోసం అన్నప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు.) నలుగురైదుగురు ముసలి స్నేహితులు, కబాబుల పళ్లెంతో ఆయన భార్య, అందరూ నవ్వుతూ వచ్చి కూర్చున్నారు. చావింట్లో ఇంత నవ్వేమిటని నాకు కాస్త కష్టంగా అనిపించింది కానీ, గొంతు సవరించుకున్నాను.

ఇంగ్లిష్ తక్కువైన చోట హిందీ వేసి, అమ్మమ్మ ఊరు, జబ్బులు, ప్రేమలు అన్నీ చెప్పాను. బాగానే సాగింది. తల ఊపుతున్నారు. అక్కడితో ఆగితే ఈ వ్యాసం ఉండేది కాదు. నేను వెనక్కి తిరిగి ఫోటో వైపు చెయ్యి చాపాను. “ఈ కళ్లు చూడండి. బతుకు మీద ఆశ లేని కళ్లు. ఈ మనిషి ఎక్కువ కాలం ఉండడని ఎవరైనా చెప్పగలరు” అన్నాను. వెనక ఎవరో పొలమారినట్టు దగ్గారు. ముదీర్ చెయ్యెత్తి, “ఆపకండి, మాట్లాడనివ్వండి” అన్నాడు. ఆయన కదిలిపోయాడనుకుని నేను ఇంకా ముందుకు వెళ్లాను. ఈ వేళ్లు ఇక ఏ తీగనూ మీటవన్నాను. ఈ పెదవులు పెళ్లి ముద్దు ఎరగకుండానే మూతబడ్డాయన్నాను.

తెల్లగడ్డం పెద్దాయన ఇంక ఉండబట్టలేక లేచాడు. “బాబూ, ఆ ఫోటో తీసింది నేను. మరుసటి ఏడు వాడి పెళ్లికి వెళ్లి డాన్సు కూడా చేశాను. అదుగో, ఆ పెదవులు కబాబు తింటున్నాయి చూడు.”

అప్పుడు చూశాను. ఫోటోలో ఉన్నవి నీలం కళ్లు. కుర్రతనంలో ఆ పాటల రచయిత మీద పిచ్చితో ఆయనలాగే జుట్టు పెంచి, ఆయనలాగే ఎర్ర గిటారు కొని తిరిగిన మా ముదీర్ అతను. ఇల్లంతా నవ్వుతో ఊగిపోయింది. నా కళ్ల ముందు ఉద్యోగం, వీసా, సంచి, విమానం వరసగా వెళ్లిపోయాయి.

ముదీర్ భార్య మాత్రం నవ్వలేదు. పళ్లెం కింద పెట్టి దండ దగ్గరకు వచ్చింది. “ఈ పూలకు అర్థం ఏమిటి?” అని అడిగింది.

“రెస్పెక్ట్ మేడమ్, ఫుల్ రెస్పెక్ట్” అన్నాడు భాయ్ చటుక్కున.

ఆమె నా వైపు తిరిగింది. “నువ్వు చదువుకున్నవాడివి. నువ్వు చెప్పు.”

జీవితంలో మొదటిసారి చదువుకున్నవాడివి అంటే సంతోషం కలగలేదు. “మా దగ్గర... పోయినవాళ్ల ఫోటోకు వేస్తాం, మేడమ్” అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. ఊదుబత్తి పొగ మాత్రం తన దారిన తాను పోతోంది. భాయ్ నా చెవిలో, “ఖలాస్, అబ్బయా. పోయిన ఏడు ఈ సారు కరోనాతో ఆసుపత్రిలో చావు దాకా పొయ్యొచ్చినాడు” అన్నాడు. ఆ ముక్క దారిలో చెప్పి ఉండవచ్చు కదా!

ఆమె ఫోటో వైపు తిరిగింది. “ఆసుపత్రి వాళ్లు నన్ను లోపలికి రానివ్వలేదు. రోజూ ఇంటికి వచ్చి ఈ ఫోటోతోనే మాట్లాడేదాన్ని” అంది. తరువాత దండను జాగ్రత్తగా తీసి, చేతుల్లో పట్టుకుని, “బతికి ఉన్నవాళ్ల మెడలో వేస్తే ఏమంటారు?” అని అడిగింది.

“సన్మానం, మేడమ్” అన్నాను.

ఆమె ఆ దండ తీసుకెళ్లి మా ముదీర్ మెడలో వేసింది. ఆయన పెళ్లికొడుకులా తల వంచి, ఊదుబత్తి పొగకు గట్టిగా తుమ్మాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె అప్పుడు నవ్వింది. ఆ నవ్వుతో నా ఊపిరి తిరిగి నా దగ్గరకు వచ్చింది. అంత పెద్ద ఊపిరి నాలో ఉందని నాకే తెలియదు.

తరువాత ఆయన అదే దండతో కూర్చుని, ఎర్ర గిటారు తీసి, పోయినాయన పాట ఒకటి పాడాడు. పుస్తకం ఆ పాటను చీకటి లోతుల నుంచి వచ్చిన కేక అంది. తీరా వింటే, వానలో బస్సు కోసం ఒక అమ్మాయితో నిలబడ్డ అబ్బాయి, ఎంతకీ తెరుచుకోని గొడుగు, ఇద్దరూ తడిసి ముద్దై నవ్వుకోవడం. అందరూ పగలబడి నవ్వుతూ వంత పాడారు. భాయ్ టేబుల్ మీద తాళం వేశాడు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే నాకు ఏడుపొచ్చింది. ఇంత సరదా మనిషిని ఆ లోయ ముప్పై ఏళ్లైనా నిండకుండా మింగేసింది. ఆయన కూడా ఉండి, జుట్టు రాలి, మీసం తెల్లబడి, తన ఫోటో పక్కన నిలబడినా ఎవరూ పోల్చుకోలేనంత ముసలివాడై ఉంటే ఎంత బాగుండేదో! పుస్తకమంతా చదివినా నాకు తెలియని మనిషి, ఆ ఒక్క పాటతో నాకు అయినవాడైపోయి, ఆ వెంటనే చనిపోయాడు.

ఆదివారం పని మొదలవగానే ముదీర్ నన్ను గదిలోకి పిలిచాడు. బల్ల మీద నా కాగితం ఉంది. నేను క్షమాపణల ప్రసంగం మొదలుపెట్టబోతే, “వద్దు, నీ ప్రసంగాలు నేను విన్నాను” అన్నాడు. సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపి, “ఒక షరతు. నా గురించి అంత గొప్పగా ఎవరూ మాట్లాడలేదు. నేను నిజంగా పోయినప్పుడు కూడా నువ్వే మాట్లాడాలి. అప్పటిదాకా నిన్ను ఎక్కడికి పంపిస్తాను? యల్లా, పనికి పో” అన్నాడు.

ఆయన రెండేళ్ల కిందట ఉద్యోగం వదిలి తన దేశం వెళ్లిపోయారు. నేనిప్పుడు పుస్తకాలతోపాటు పాటలు కూడా వింటున్నాను, ఫోనులోనే. ప్రతి ఏడూ ఆ పాటల రచయిత పోయిన రోజున ముదీర్ గారి నుంచి ఒక సందేశం వస్తుంది. “ఇంకా ఇక్కడే ఉన్నాను. ప్రసంగం రాయడం అయిందా?” అంటారు. “లేదు సార్, ఇంకా చదువుతున్నాను” అని జవాబిస్తాను. ఇన్ని పుస్తకాలు చదివినవాడిని, ఒప్పుకున్న పనిలో ఒక్క వాక్యం కూడా రాయకుండా ఇంత హాయిగా బద్ధకించడం నాకు ఇదే మొదటిసారి.