గాజు తలుపు అవతల హన్మయ్య

నాచారం కంపెనీల్లో హన్మయ్య అంటే ఎవరికీ తెలియదు. ఫికరయ్య అంటే తెలుస్తుంది, ప్రతిదానికీ దిగులు పడతాడని పెట్టిన పేరు. స్టాఫ్ బస్సు నడిపినన్నాళ్ళూ, ఉప్పల్‌లో ఎక్కిన జనం నాచారంలో దిగేలోపు అద్దంలోంచి వెనక్కి చూసి "అందరున్నరా?" అని అడగని రోజు లేదు. నడుస్తున్న బస్సులోంచి మనుషులు ఎక్కడికి పోతారో ఆయనకే తెలియాలి. టైర్లను కాలితో తన్ని చూసేవాడు, రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి తన్నేవాడు. "ఫికర్ లేకుంటే అదొక ఫికర్ నీకు" అనేది భార్య కౌసల్యమ్మ. పోయినేడు ఆమె కాలం చేసింది. అనేవాళ్ళు లేక ఆయన ఫికర్ ఇంకా పెరిగింది.

అలాంటి మనిషి చేతిలో ఏడు నెలల పిల్లను పెట్టి కోడలు మానస నాచారం వెళ్ళింది. మందుల కంపెనీ ల్యాబులో ఆమెకు ఉద్యోగం. కాన్పు సెలవు అయిపోవచ్చింది. సోమవారం నుంచి వస్తుందో, మానేస్తుందో ఇవాళ సారుకు తేల్చి చెప్పాలి. కొడుకు ఉపేందర్ వారంలో సగం రోజులు మందుల సంచితో జిల్లాల్లోనే తిరుగుతుంటాడు కాబట్టి, పిల్లను చూసుకోవాలంటే ఉన్నది మామ ఒక్కడే.

"మీతోని అయితదా మామా?" అని ఆమె అడిగితే, "గంత ఫికరెందుకు బిడ్డా" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి రావడం ఆయనకే వింతగా తోచింది. ఈ ఒక్క పూట సవ్యంగా గడిస్తే కోడలు కొలువుకు పోతుంది. గడవకపోతే అంత చదువూ చదివి ఇంట్లో కూర్చుంటుంది, అదీ తన చేతగానితనం వల్ల.

పిల్ల హాల్లో చీర ఉయ్యాలలో నిద్రపోయింది. ఇక హాయిగా కూర్చోవచ్చు కదా? కూర్చుంటే ఆయన ఫికరయ్య ఎందుకవుతాడు! బాల్కనీకి ఉన్న జరిపే గాజు తలుపు పిడి ఈ మధ్యే విరిగింది. మిగిలిన మొండి ముక్క కత్తిలా ఉంది. పిల్ల రేపో మాపో పాకుతూ వచ్చి దాన్ని పట్టుకుంటుంది, చెయ్యి తెగుతుంది, చీము పడుతుంది, దవాఖానా... ఆలోచన దవాఖానా దాకా పోయాక ఇక ఆగలేకపోయాడు. మార్కెట్లో కొన్న కొత్త పిడి ఇంట్లో ఉండనే ఉంది. పాతదాన్ని విప్పేశాడు. అసలు పిడి విరిగిందే తలుపు బిగుసుకుపోయి గట్టిగా లాగినందుకు. ముందు కింది పట్టాలో బయటివైపు పేరుకున్న మట్టి గీకాలి. కొత్త పిడీ స్క్రూడ్రైవరూ జేబులో వేసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. పిల్లకు దోమలు కుడతాయని తలుపును అరచేత్తో వెనక్కి జరిపాడు.

టక్కుమంది. లోపలి కొక్కెం పడింది.

ఆ కొక్కేన్ని బయటినుంచి తీసే దారే లేదు. మోగితే పిల్ల లేస్తుందని ఫోను వంటింట్లో పెట్టాడు. వీధి తలుపు వేస్తే తనంతట తానే తాళం పడే రకం. తాళంచెవి ఒకటి లోపల, ఇంకొకటి మానస సంచిలో. అద్దం పగలగొడదామంటే ఉయ్యాల దానికి మూరెడు దూరంలో ఉంది. గాలి తగలాలని అక్కడికి జరిపి కట్టింది కూడా ఆయనే.

పక్క బాల్కనీలో తారామణి బట్టలు ఆరేస్తోంది. పిలిస్తే పలుకుతుంది. కానీ తారామణికి తెలిస్తే అపార్టుమెంటంతా తెలుస్తుంది, మానసకూ తెలుస్తుంది. నా అంతట నేనే తీసుకుంటే ఎవరి చెవినా పడదు కదా అనుకుని స్క్రూడ్రైవర్ సందులో దూర్చి తిప్పాడు. వేళ్ళు గీసుకుపోయాయి గానీ తలుపు కదల్లేదు. ఈలోపు తారామణి లోపలికి వెళ్ళింది. పోతే పోనీ అనుకున్నాడు. చూడండి, ఊళ్ళో అందరి ప్రాణాల గురించీ ఫికర్ పడే మనిషికి, ఒక ఘడియపాటు పరువే ముద్దయింది.

అప్పుడు పిల్ల ఏడుస్తూ లేచింది. బోర్లా తిరిగింది. ఒక కాలు చీర అంచు దాటి బయటికి వేలాడింది. కింద నున్నటి బండలు. హన్మయ్య పక్క బాల్కనీ వైపు తిరిగి అరిచాడు.

"తారమ్మా! ఓ తారమ్మా!"

ఆమె తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏందన్నా, గట్ల మొత్తుకుంటున్నవ్?"

"నేను బయట ఇరుక్కున్న. పిల్ల ఒక్కతే లోపలున్నది. మానసకు ఫోన్ జెయ్యి, తాళంచెవి ఆమె దగ్గరనే ఉన్నది."

"పాణం పోతదన్నా మానసకు గీ మాట ఇంటే. చిన్న పనున్నది, జల్ది రమ్మని చెప్పనా?"

దాటిపోవడానికి ఎంత మంచి దారి!

"వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు. తలుపు నేనే ఏసుకున్న అని చెప్పు."

మానస వచ్చేదాకా ఆయన పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. మోకాళ్ళ మీద కూర్చుని ముఖం అద్దానికి ఆనించాడు. పిల్ల ఆయన్ని చూసింది. చూపు తిప్పితే దొర్లుతుందేమోనని, లేని స్టీరింగు పట్టుకుని బస్సు నడిపాడు, పాం పాం అని హారన్ కొట్టాడు. కళ్ళలో నీళ్ళు కారుతున్నా హారన్ ఆపలేదు. పిల్ల ఏడుపు మరిచి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

మానస వీధి తలుపు తాళం తీసి వచ్చి పిల్లను ఎత్తుకుంది. గుండెకు హత్తుకుని అక్కడే కూలబడింది. కాసేపటికి గానీ అద్దం అవతల మనిషి గుర్తుకు రాలేదు. లేచి వచ్చి చూస్తే తలుపుకు పట్టుకునేందుకు ఏమీ లేదు.

"పిడేది మామా?"

"నా జేబులున్నది బిడ్డా. చెంచా తెచ్చి దాని కాడ పిడి ఊడిన రంధ్రంల పెట్టి తిప్పు."

పిల్లను చంకన వేసుకుని చెంచా తిప్పితే కొక్కెం లేచింది. హన్మయ్య లోపలికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"నాతోని కాదు బిడ్డా. సారుకు ఫోన్ జేసి రానని చెప్పు."

"సారు ముందట కూసున్నప్పుడే తారక్క ఫోన్ వచ్చింది. అప్పటిదాక ఏం చెప్పాల్నో సమజ్ గాక కూసున్న."

"మరేం చెప్పినవ్?"

"ఉన్నదున్నట్టు చెప్పమన్నరంట గదా మామా. దాసిపెట్టే మనిషైతే పిల్లను ఇడిసిపెట్టి పొయ్యేదాన్నే కాదు. సోమవారం వస్తున్న సార్ అని చెప్పే ఉరికొచ్చిన."

అని పిల్లను ఆయన చేతుల్లో పెట్టింది. ఆ వేళ్ళ మీద స్క్రూడ్రైవర్ గీతలు ఆమెకు కనబడుతూనే ఉన్నాయి. అయినా పెట్టింది.