కాదండి గారు

ఆఫీసులో అతన్ని అందరూ "కాదండి గారు" అనేవాళ్లు. వ్యాపారం, పర్యాటకం, ప్రజాసేవల గురించి శాసనసభలో సభ్యులు అడిగే ప్రశ్నలకు ప్రభుత్వం తరఫున జవాబుల చిత్తు రాయడం అతని పని. మంత్రిగారు లేచి చదివేది దాన్నే. ఎంత బిగించి అడిగిన ప్రశ్నలోనైనా సందు వెతికి, మొదటి భాగానికి "కాదండి" అని, రెండో భాగానికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రాసి చేతులు దులుపుకోవడంలో అతన్ని మించినవాళ్లు లేరు. "భోంచేశారా, కాదండి గారూ?" అని పక్క సీటాయన ఆటపట్టిస్తే, "ప్రశ్న ఉత్పన్నం కాదు, బాక్సు ఇంట్లో మరిచిపోయాను" అనేవాడు. ఆ పేరంటే లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

అతని అక్క పడవల రేవులో టోపీలు, నల్లకళ్లద్దాలు అమ్ముతుంది. ఒకసారి ఇంటికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"ఒరేయ్ చిన్నోడా, రేవులో ఆడవాళ్ల బాత్రూంకి ఎప్పుడూ తాళమేరా. పెద్ద ఆఫీసర్లెవరైనా వస్తే తీస్తారు, వాళ్లటు వెళ్లగానే వేసేస్తారు. మేమంతా పొద్దస్తమానం గొంతు తడుపుకోకుండా కూర్చుంటున్నాం. మా ఎమ్మెల్యే సభలో అడుగుతానన్నాడు, ప్రశ్న రాసిమ్మన్నాడు. నువ్వయితే పద్ధతిగా రాస్తావు."

అతను అప్పటికప్పుడు రాసి చదివి వినిపించాడు. 'రేవులో మహిళలకు మరుగుదొడ్డి సౌకర్యం లేని మాట వాస్తవమేనా? అయితే, ఎప్పటిలోగా కల్పిస్తారు?'

"తాళం సంగతేదిరా?"

"తాళాలూ గొళ్లాలూ సభలో ఏం బాగుంటాయక్కా? సౌకర్యం అంటే అన్నీ వచ్చినట్టే."

"సరేలే, నీకు తెలీదా" అని మురిసిపోతూ తీసుకెళ్లింది.

కొన్నాళ్లకు ఆ ప్రశ్న తిరిగి తిరిగి అతని బల్లమీదకే వచ్చింది. తన వాక్యాన్ని గుర్తుపట్టి నవ్వుకున్నాడు. కింద జతచేసిన నివేదిక చూశాక నవ్వు ఆగిపోయింది. గది కట్టి ఉంది, ఫొటో కూడా ఉంది. కాబట్టి సౌకర్యం 'లేని మాట' వాస్తవం కాదు. అలవాటైన చెయ్యి, అక్క కోసం రాసేటప్పుడు కూడా, జవాబుకు వీలుగా సందు వదిలేసింది.

'గది ఉంది గానీ తాళం వేసి ఉంటోంది' అని పెన్సిలుతో రాసి పై అధికారి దగ్గరకు తీసుకెళ్లాడు.

"తాళం గురించి అడిగారా?" అన్నాడాయన.

"అడగలేదండి."

"అడగనిదానికి మనమెందుకు చెప్పడం? ఈ కిటుకు నాకు నేర్పింది మీరేగా."

'అక్కడ మా అక్క కూర్చుంటుందండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. తన సీటుకొచ్చి పెన్సిలు రాత తుడిచేసి, "కాదండి" అని రాశాడు.

మంత్రిగారు ఆ జవాబు సభలో చదివాక, సెలవు రోజు చూసుకుని రేవుకు వెళ్లాడు. అక్క స్టూలు లాగి కూర్చోబెట్టి, నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది. తను తాగలేదు. ఎదురుగా మగవాళ్ల బాత్రూం తలుపు బార్లా తెరిచి ఉంది. పక్క తలుపుకు తాళం.

"మా తమ్ముడే, ప్రశ్న రాసింది" అని పక్కన బుడగలమ్మే పిన్నికి చూపించి, ఇటు తిరిగింది. "నువ్వంత చక్కగా అడిగితే, ఎవడో కాదండి అని రాసిపారేశాడటరా. వాడికి మనసెలా వచ్చిందో."

సీసా కింద పెట్టాడు.

"అదీ నేనే రాశానక్కా."

టోపీలు సర్దుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"ప్రశ్నా నువ్వే, జవాబూ నువ్వేనా? ఇంక మధ్యలో మేమెందుకురా?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. బుడగల పిన్ని మొహం పక్కకు తిప్పుకుంది.

అంతలో పడవ ఒడ్డుకు చేరింది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ గబగబా వచ్చి, "ఇక్కడ ఆడవాళ్లకి బాత్రూం ఉందాండీ?" అని అక్కను అడిగింది.

అక్క తలెత్తలేదు. "ఆయన్నడగండి" అంది. పుట్టి బుద్ధెరిగాక అక్క తనని 'ఆయన' అనడం అదే మొదలు.

"ఉందండి" అన్నాడు. నోరు దానంతట అదే అనేసింది. ఆవిడ మొహం తేటపడింది. అటువైపు నాలుగడుగులు వేసింది కూడా.

"తాళం వేసి ఉందండి" అన్నాడు వెనకనుంచి.

ఆవిడ ఆగి, పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"మరి ఉందన్నారేంటండీ?" అంది.