మందార మీద పిండినల్లి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదని పెళ్లికి ముందే తెలుసు. ఎంత చెడ్డదో మాత్రం తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో, ఎల్బీనగర్‌లో మేం కిరాయికున్న ఇంటి డాబా మీద, ఒక మందార మొక్క దగ్గర తెలిసింది.

ఆ ఇంట్లో రెండు పోర్షన్లు. ఒకదాంట్లో నల్గొండ పల్లె నుంచి వచ్చిన మేము, రెండో దాంట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన, నేను అక్కా అని పిలిచే ఆమె కుటుంబం. డాబా ఇద్దరిదీ. నా ఎర్రమందార పక్కనే, ఆమె ఊరి నుంచి కొమ్మ తెచ్చి నాటిన పసుపు మందార ఉండేది. నా పూలు ఆమె దేవుడికి, ఆమె పూలు నా దేవుడికి వెళ్లేవి.

ఒక వేసవిలో నా మొక్క చిగుళ్లు ముడుచుకుపోయాయి. కణుపుల దగ్గర తెల్లటి పిండి. ముగ్గు వేసిన చేతులతో నేనే ముట్టుకుని ఉంటాననుకుని తుడిచేశాను. మర్నాటికి మళ్లీ ఉంది. వేలితో నొక్కితే చిట్లి తడి అంటింది. అది పిండి కప్పుకున్న పురుగు! అక్క మొక్క మీదా అదే. సరిగ్గా అప్పుడే ఆమె నీళ్ల బకెట్‌తో డాబా ఎక్కింది. ఇంకేముంది, నా నోరు లేచింది.

“నీ గుంటూరు కొమ్మతోనే ఒచ్చింది గిదంతా. మంచిగున్న నా చెట్టు ఖరాబైంది. మీరొచ్చిన కాడల్లా గింతే!”

ఆ చివరి మాట చెట్టు గురించి కాదు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద రోజూ ఊరేగింపులు, రోజు విడిచి రోజు బంద్‌లు. తెలంగాణ రావాలని నేనూ గట్టిగా కోరుకున్నదాన్నే, అందుకు సిగ్గుపడను. ఆ కోపాన్ని తెచ్చి పక్కింటామె పూలకుండీ మీద కుమ్మరించినందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను. అక్క నీళ్ల బకెట్ అక్కడే దించింది. కుండీ ఎత్తుకుని కిందికి దిగిపోయింది. నెలాఖరుకు వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారని వారం తర్వాత ఇంటి ఓనరు చెప్పాడు.

ఆ రోజుల్లోనే మమ్మల్ని చూడడానికి ఊరి నుంచి వచ్చిన మా నాయన, బంద్‌కు బస్సులు ఆగిపోయి మా ఇంట్లోనే చిక్కుకున్నాడు. పత్తి పండించే మనిషి, ఊరికే కూర్చోలేక డాబా ఎక్కాడు. మందార కొమ్మ వంచి చూశాడు. తర్వాత ఆ పక్కనే నేను వేసుకున్న బీర పందిరి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆ పందిరికి వాడింది పత్తికట్టె. మా వైపు పత్తి ఏరడం అయ్యాక కట్టెను పారేయరు, పొయ్యికో పందిరికో దాచుకుంటారు. అంతకుముందు వచ్చినప్పుడు ఆ మోపును బస్సు మీద వేసి తెచ్చింది ఆయనే.

“బిడ్డా, గిది మన చేన్ల ఉన్న పిండినల్లే. కట్టె సందుల్ల దాగి ఒచ్చింది. నేనే మోసుకొచ్చిన.”

దొంగే దొంగ దొంగ అని అరిచినట్టయింది నా సంగతి. దాని గురించి తర్వాత చాలా తెలుసుకున్నాను. పేరులో నల్లి ఉన్నా మంచంలో నల్లికి దగ్గరి చుట్టం కాదట, లక్క పురుగుకు చుట్టమట. పత్తి, బెండ, మందార, ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ, దేని రసమైనా తాగుతుంది. దాని పిల్లలు గాలికి కొట్టుకుపోతాయి. అది విడిచే తీపి జిగురు కోసం చీమలే దాన్ని కాపాడి కొత్త కొమ్మకు చేరవేస్తాయి. నా పందిరి నుంచి అక్క మొక్కకు నాలుగడుగుల దూరం దానికి ఒక లెక్కా?

నాయన మాట విన్న వెంటనే వెళ్లి అక్క తలుపు కొట్టాను. లోపల సగం సర్దిన అట్టపెట్టెలు.

“అక్కా, తప్పు నాది. పురుగు మా పత్తికట్టెతోని ఒచ్చింది.”

“తెలుసమ్మా. నువ్వు తిడుతున్నప్పుడే ఆ కట్టెల మీద చూశాను. మాదీ పత్తి పండే ఊరే కదా.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలే?”

“‘మీరొచ్చిన కాడల్లా’ అన్నాక నేనేం చెప్పినా నీకు వినపడుతుందా?”

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె అడ్డంగా ఉన్న అట్టపెట్టెను పక్కకు జరిపి, “ఏడుపు తర్వాత. ఇంట్లో బట్టల సబ్బు ఉందా?” అంది.

అక్క కుండీ కూడా పట్టుకుని, నాయనతో కలిసి ముగ్గురం డాబా ఎక్కాం. పత్తికట్టె పీకి తగలబెట్టాం. పురుగు పట్టిన కొమ్మలు కత్తిరించాం. మిగతావాటిని పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్లతో రుద్దాం. ఒకచోట కాస్త పెద్ద తెల్లపురుగు కనబడి నేను బొటనవేలు ఎత్తాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

“ఆగు! అది అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినడానికే వచ్చింది.”

“గిది గూడ గట్లనే తెల్లగున్నది గద బిడ్డా. ఎట్ల గుర్తువట్టాలె?” అన్నాడు నాయన.

“ఇది చురుగ్గా నడుస్తుంది చూడండి బాబాయ్. అదైతే ఒకచోటే కూర్చుని తాగుతుంది.”

“ఇన్నేండ్లు రెండింటికీ కలిపే మందు కొట్టినం,” అన్నాడాయన, ఆ పురుగునే చూస్తూ.

నెలాఖరు వచ్చింది, లారీ రాలేదు. అట్టపెట్టెలు విప్పుతుంటే నేనూ వెళ్లి గిన్నెలు సర్దాను. వానలు పడ్డాక ఎర్రమందార విరగబూసింది. పసుపు మందార మాత్రం బతకలేదు. ఆ మధ్య ఊరెళ్లి వచ్చిన అక్క, తడిగుడ్డలో చుట్టిన కొత్త కొమ్మ నా చేతిలో పెట్టింది.

“సబ్బునీళ్లలో ముంచే తెచ్చానమ్మా. కావాలంటే విప్పి చూసుకో, ఆ తర్వాతే నాటు.”

నేను చూడలేదు. నా ఎర్రమందార కుండీలోనే, దాని పక్కనే నాటాను.